సీడ్ వేసిన తేదీని బట్టి చార్టులో గీత రంగు మారాలంటే

రొయ్యల చెరువులో తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) 4.2 పీపీఎం వచ్చిందనుకోండి. మంచి కబురా, చెడ్డ కబురా? సీడ్ (పిల్ల రొయ్యలు) వేసి ఇరవై రోజులే అయిన చెరువైతే నేను వెంటనే మా బాబాయికి ఫోన్ చేస్తాను. పిల్ల రొయ్యలు అంత ఆక్సిజన్ వాడేయలేవు, అడుగున ఏదో కుళ్లుతున్నట్టుంది, ఒకసారి చూడమంటాను. అదే ఎనభై రోజులు దాటిన చెరువైతే, నీటిలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయా అని అడుగుతాను, మర్నాటి రీడింగు కోసం చూస్తాను. అంకె ఒక్కటే, దాని అర్థం మాత్రం తేదీని బట్టి మారిపోతుంది. చార్టులో గీత మొత్తం ఒకే నీలం రంగులో ఉంటే ఈ తేడా చూసేవాళ్ల కంటికి ఆనదు.

భీమవరంలో నా పని ఆక్వా లెక్కలు. రైతులు నోటుపుస్తకాల్లో రాసుకున్న రీడింగుల్ని షీట్లలోకి ఎక్కించి, వాళ్లు ఫోన్‌లో చూసుకునేలా డాష్‌బోర్డు చేసిస్తాను. మా బాబాయికి ఉండి అనే ఊరి దగ్గర నాలుగు చెరువులున్నాయి. వాటి డాష్‌బోర్డునే ఉదాహరణగా పెట్టుకుని, తేదీని బట్టి గీత రంగు దానంతట అదే మారేలా ఎలా చేయాలో చెప్తాను. ముందు గూగుల్ షీట్స్‌లో వివరంగా, తర్వాత ఎక్సెల్, పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వాళ్ల రిపోర్టుల సాధనం)ల్లో తేడా వచ్చే చోట్లు, చివర్లో కోడ్ రాసేవాళ్లకి నాలుగు మాటలు. ఫార్ములాల పేర్లు, కాలమ్‌ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. షీట్‌లో మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు తేల్చుకోవాల్సింది: రంగు దేన్ని బట్టి?

అన్ని చార్టులకీ తేదీ రంగులు పనికిరావు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చార్టు తీసుకోండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జులైలో వచ్చినా సెప్టెంబరులో వచ్చినా 13.75 అంటే రెండో హెచ్చరికే. అక్కడ రంగు అంకెని బట్టి మారాలి. చార్టు మీద మూడు అడ్డగీతలు గీస్తే లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకి అంతకంటే కావాల్సింది లేదు.

చెరువు సంగతి వేరు. మొదటి నెలలో రొయ్యలు చిన్నవి, మేత కొలత ప్రకారం చల్లేస్తాం, నీటిమీద పెద్దగా భారం ఉండదు. తర్వాత చెక్‌ట్రేలు (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) చూసి మేత పెంచుతాం. రెండు నెలలు దాటాక చెరువులో రొయ్య బరువు, అడుగున మడ్డి, రాత్రిపూట ఆక్సిజన్ ఖర్చు అన్నీ కలిసి పెరుగుతాయి. కాబట్టి గీత ఏ దశలో ఉందో రంగే చెప్పాలి. పైగా నాలుగు చెరువుల్లో సీడ్ ఒకే రోజు వేయరు. ఒక చెరువుకి ఫిబ్రవరి 10న వేస్తే ఇంకోదానికి మార్చి 1న వేస్తారు. మొదటిదానికి రెండో దశ మార్చి 12న మొదలైతే, రెండోదానికి మార్చి 31న మొదలవుతుంది. డాష్‌బోర్డులో చెరువు మార్చగానే రంగు మారే చోటు కూడా జరగాలి. అందుకే చార్టులో చుక్కల మీద క్లిక్ చేసి చేత్తో రంగులు వేసే పద్ధతి నేను ఎవరికీ చెప్పను. ఆ రంగు చుక్క ఉన్న చోటికి అంటుకుంటుంది తప్ప తేదీకి కాదు. చెరువు మారినా, మధ్యలో ఒక వరుస చేరినా, రంగు పాత చోటే ఉండిపోయి అబద్ధం చెప్తుంది.

షీట్లు ఎలా పెట్టుకోవాలి

మూడు షీట్లలో అసలు వివరాలు, నాలుగో షీట్‌లో చార్టు.

మొదటిది ‘రీడింగులు’: తేదీ, చెరువు, తెల్లవారుజాము డీవో. సాయంత్రం డీవో, పీహెచ్, ఉప్పదనం లాంటివి పక్క కాలమ్‌లలో ఎన్నైనా ఉండొచ్చు. చెరువు పేరు చేత్తో టైప్ చేయనివ్వకండి, డ్రాప్‌డౌన్ పెట్టండి. ఒకరు ‘3వ చెరువు’ అని, ఇంకొకరు ‘3 చెరువు’ అని రాస్తే షీటుకి అవి రెండు వేర్వేరు చెరువులు.

రెండోది ‘చెరువులు’: చెరువు పేరు, సీడ్ వేసిన తేదీ. అంతే.

మూడోది ‘దశలు’. దీనికే అన్నిటికంటే విలువెక్కువ. ఏ (A) కాలమ్‌లో ఎన్నో రోజు నుంచి అన్నది, బీ (B) కాలమ్‌లో దశ పేరు. మా బాబాయి షీట్‌లో 1 దగ్గర ‘మొదటి నెల’, 31 దగ్గర ‘మేత పెంచే దశ’, 61 దగ్గర ‘బరువు దశ’ అని ఉంటుంది. మీ చెరువుల్లో 45వ రోజుకే ఏరేటర్లు పెంచే అలవాటు ఉంటే 61 బదులు 45 పెట్టుకోండి, ఫార్ములాలు ఒక్కటి కూడా ముట్టుకోనక్కర్లేదు. అంకెలు పై నుంచి కిందకి పెరిగే వరుసలోనే ఉండాలన్నది ఒక్కటే షరతు. దశలు మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే రంగులు చూసి గుర్తుపట్టడం ఎవరి వల్లా కాదు.

తేదీల విషయంలో ఇక్కడే ఒక నిమిషం ఆగాలి. మనకి 10.02.2025 అని చుక్కలతో రాయడం అలవాటు. షీటు దాన్ని తేదీగా తీసుకుందో, ఉత్త అక్షరాలుగా తీసుకుందో చూసుకోవాలి. మీరు ఏ అలైన్‌మెంటూ మార్చకపోతే, తేదీ సెల్‌లో కుడివైపుకి చేరి ఉంటుంది, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి. అనుమానంగా ఉంటే పక్క సెల్‌లో ఈజ్‌నంబర్ ఫార్ములా పెట్టి చూడండి, ట్రూ వస్తే తేదీ. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియా అని ఉందో లేదో కూడా చూడండి. అమెరికా అని ఉంటే మీరు మార్చి 5 అనుకుని కొట్టిన 05/03/2025ని షీటు మే 3గా చదువుతుంది. 13/03/2025ని మాత్రం, పదమూడో నెల లేదు కాబట్టి, అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజులు తారుమారు, మిగతావి పనికిరాకుండా పోతాయి. లొకేల్ తర్వాత మార్చినా అప్పటికే తప్పుగా ఎక్కినవి సరికావు. అందుకే ఒక్క రీడింగు కూడా ఎక్కించకముందే ఈ సెట్టింగు చూడాలి.

చార్టు షీటు

పైన బీ1లో చెరువు ఎంచుకునే డ్రాప్‌డౌన్. బీ2లో ఆ చెరువుకి సీడ్ వేసిన తేదీ, పట్టికలో వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో ‘చెరువులు’ షీట్ నుంచి తెచ్చుకోండి. ఇక్కడ వీలుకప్ చివర ఫాల్స్ ఉండాలి.

నాలుగో వరుసలో హెడ్డింగులు, అయిదో వరుస నుంచి వివరాలు. ఏ5లో ఒకే ఫార్ములా: ‘రీడింగులు’ నుంచి బీ1లో ఉన్న చెరువు తాలూకు తేదీ, డీవోలని ఫిల్టర్ చేసి, దాన్ని సార్ట్‌లో చుట్టేయండి. తేదీలు ఏ కాలమ్‌లో, డీవో బీ కాలమ్‌లో వరసగా దిగుతాయి. సార్ట్ మానేయొద్దు. కుర్రాళ్లు నిన్నటి రీడింగు ఇవాళ్టిది ఎక్కించాక ఎక్కించడం మామూలే. కింద మనం వాడబోయే ఫార్ములా మాత్రం పై వరుస అంటే ముందు రోజే అని నమ్ముతుంది.

సీ5లో ఎన్నో రోజు:

=ఇఫ్($ఏ5="", , $ఏ5-$బీ$2+1)

డీ5లో ఏ దశ:

=ఇఫ్($ఏ5="", , వీలుకప్($సీ5, దశలు!$ఏ$2:$బీ$4, 2, ట్రూ))

ఇక్కడ చివర ట్రూ ఉండాలి. 47వ రోజు అని పట్టికలో ఎక్కడా లేకపోయినా, దానికి దిగువన దగ్గరగా ఉన్న 31ని పట్టుకుని ‘మేత పెంచే దశ’ అని ఇస్తుంది. తేదీని దశగా మార్చే పనంతా ఈ ఒక్క ట్రూ మీదే నడుస్తుంది.

అయిదో కాలమ్ బాబాయి గమనికల కోసం ఖాళీగా వదిలేశాను. ఎఫ్, జీ, హెచ్ కాలమ్‌లు మూడు దశలకి. ఎఫ్4, జీ4, హెచ్4ల్లో దశల పేర్లు టైప్ చేయకుండా ‘దశలు’ షీట్‌లోని సెల్స్‌నే చూపించండి. అప్పుడు అక్కడ పేరు మార్చితే ఇక్కడా మారుతుంది.

ఇప్పుడు ఎఫ్5లో రాసే ఫార్ములా. మామూలుగా ఎవరైనా ఇలా రాస్తారు:

=ఇఫ్($డీ5=ఎఫ్$4, $బీ5, )

ఈ రోజు ఈ దశలో ఉంటే డీవో చూపించు, లేకపోతే ఖాళీగా వదిలెయ్ అని అర్థం. దీన్ని హెచ్ వరకు పక్కకీ, ఓ నూట యాభై వరుసలు కిందకీ లాగి లైన్ చార్టు పెడితే మూడు రంగుల గీత వస్తుంది. కానీ రంగు మారే ప్రతిచోటా గీత తెగిపోయి ఉంటుంది.

ఎందుకో దగ్గరగా చూద్దాం. ఫిబ్రవరి 10న సీడ్ వేసిన చెరువులో మార్చి 11 ముప్ఫయ్యో రోజు, డీవో 5.1. మార్చి 12 ముప్ఫయ్యొకటో రోజు, 4.8. మార్చి 13న 4.9. మొదటి దశ కాలమ్‌లో చివరి అంకె 11వ తేదీది. రెండో దశ కాలమ్‌లో మొదటి అంకె 12వ తేదీది. 11 నుంచి 12కి గీత గీయాలంటే ఆ రెండు చుక్కలూ ఒకే కాలమ్‌లో ఉండాలి, ఏ కాలమ్‌లోనూ అలా లేవు. అందుకే అక్కడ ఖాళీ. డీవో 5.1 నుంచి 4.8కి దిగిన సంగతి చార్టులో కనిపించకుండా పోయింది. దశ మారే రోజుల్లోనే మేత పెంచుతాం కాబట్టి సరిగ్గా ఆ దిగడమే మనం చూడాల్సింది.

మందు చిన్నదే. కొత్త దశ మొదటి చుక్కని పాత దశ కాలమ్‌లో కూడా పెట్టాలి:

=ఇఫ్(ఆర్($డీ5=ఎఫ్$4, $డీ4=ఎఫ్$4), $బీ5, )

ఈ రోజు ఈ దశలో ఉన్నా సరే, నిన్న ఈ దశలో ఉన్నా సరే చూపించు. దీంతో మార్చి 12 నాటి 4.8 రెండు కాలమ్‌లలోనూ ఉంటుంది, గీత అతుక్కుంటుంది, ఆ అతుకు పాత రంగులో ఉంటుంది. అతుకు కొత్త రంగులో కావాలంటే $డీ4 బదులు $డీ6 పెట్టి, రేపు ఈ దశలోకి వస్తుందా అని అడగాలి. నేను పాత రంగునే ఎంచుకుంటాను. 11 నుంచి 12 తెల్లవారుజాము దాకా జరిగిందంతా పాత మేత కొలతతో జరిగిందే కదా. మీ చార్టులో ఏది న్యాయమో మీరే తేల్చుకోండి, కాకపోతే నాలుగు చెరువులకీ ఒకటే పద్ధతి ఉండాలి.

ఇక చార్టు. తేదీలున్న ఏ (A) కాలమ్‌నీ, ఎఫ్ నుంచి హెచ్ వరకు ఉన్న కాలమ్‌లనీ పట్టుకుని లైన్ చార్టు పెట్టండి. ఒక్కో సిరీస్‌కి (అంటే ఒక్కో కాలమ్ గీతకి) రంగు ఒక్కసారి ఇస్తే చాలు, ఆ తర్వాత రంగుల జోలికి వెళ్లే పని లేదు. అడ్డ అక్షం మీద తేదీలని అక్షరాలుగా చూసే టిక్కు ఉంటే తీసేయండి. లేకపోతే రీడింగు తీయని మూడు రోజులు చార్టులోంచి మాయమై, నాలుగు రోజుల మార్పు ఒక్క రోజులో జరిగినట్టు కనిపిస్తుంది.

రంగులు ఎంచేటప్పుడు ఆఫీసులో కూర్చుని చూసి సరిపెట్టుకోవద్దు. ఈ చార్టుని చూసేది చెరువు గట్టు మీద, ఎండలో, గీతలు పడ్డ ఫోన్ స్క్రీన్ మీద. లేత పసుపు, లేత ఆకుపచ్చ అక్కడ కనిపించవు. నేను నీలం, నారింజ, ముదురు ఊదా వాడతాను. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టను. ఆ రెండిటి తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేకంటే ఎక్కువమంది ఉన్నారు. ఎరుపుని దశలకి అస్సలు వాడను, దాన్ని ప్రమాదానికి దాచి పెట్టుకుంటాను. ఇంకో కాలమ్‌లో ప్రతి వరుసకీ 3 అని పెట్టి, దాన్ని సన్నటి ఎర్ర గీతగా చూపిస్తాను. 3 పీపీఎం కిందకి దిగితే ఏ దశలో అయినా రొయ్యకి కష్టమే. అలా రంగు తేదీని చెప్తుంది, ఎర్ర గీత అంకెని చెప్తుంది, రెండూ ఒకదాని పనిలో ఒకటి వేలు పెట్టవు.

ముసురు లాంటి సంఘటనలు

దశలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కొన్ని రోజులు అలా కాదు, మధ్యమధ్యలో వచ్చి పోతాయి. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వేస్తే ఎండ ఉండదు, నీటిలోని నాచు పగలు చేయాల్సినంత ఆక్సిజన్ చేయదు, రాత్రి ఖర్చు మాత్రం ఎప్పటిలానే ఉంటుంది. తెల్లవారుజాము డీవో పడిపోతుంది. ఆ రోజులు చార్టులో వేరుగా కనిపిస్తే, పడిపోయింది వాతావరణం వల్లా, చెరువు అడుగు వల్లా అన్నది తేల్చుకోవడం తేలికవుతుంది.

దీనికి ‘సంఘటనలు’ అని ఇంకో షీటు పెట్టండి: మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఏమిటి. చార్టు షీట్‌లో ఐ కాలమ్‌లో కౌంట్‌ఇఫ్స్‌తో, ఈ వరుస తేదీ ఏదైనా ముసురు మొదలుకీ ముగింపుకీ మధ్య పడిందా అని లెక్కపెట్టి, సున్నా కంటే ఎక్కువైతే డీవో చూపించమనండి. ముసురు ఇంకా నడుస్తుంటే ముగింపు సెల్ ఖాళీగా వదలకూడదు. ఖాళీని కౌంట్‌ఇఫ్స్ పట్టించుకోదు, ఇవాళ్టి ముసురే చార్టులో కనిపించదు. అక్కడ =టుడే() పెట్టి, ముసురు తేలాక అసలు తేదీ వేసేయండి.

ఈ ఐ కాలమ్‌కి అతుకు అక్కర్లేదు, ఎందుకంటే కింద దశ గీత తెగకుండా ఉండనే ఉంది. ముసురు సిరీస్‌ని దాని మీద లావుగా, బూడిద రంగులో వేస్తే సరిపోతుంది. ఒక్క రోజే వచ్చి పోయే సంఘటన అయితే గీత కనిపించదు, ఒక్క చుక్కకి గీత ఉండదు కాబట్టి. ఆ సిరీస్‌కి పాయింట్ సైజు కాస్త పెంచండి. చార్టులో సిరీస్‌ల వరుసలో చివర ఉన్నది అన్నిటికంటే పైన పడుతుంది, కాబట్టి బాగా కనిపించాల్సింది చివర పెట్టాలి.

ఇవాళ అంటే ఎప్పుడు?

చాలామంది చివరి మూడు రోజుల గీత ముదురుగా కావాలంటారు. జే కాలమ్‌లో తేదీ టుడే()-2 కంటే ఎక్కువో సమానమో అయితే డీవో చూపించమంటే చాలు. పొద్దున్న షీటు తెరిస్తే ఆ ముదురు గీత దానంతట అదే ఒక రోజు ముందుకి జరిగి ఉంటుంది.

కానీ టుడే అన్నది ఎవరి గడియారం ప్రకారం? షీట్స్‌లో అయితే ఆ ఫైల్ సెట్టింగ్స్‌లో ఉన్న టైమ్ జోన్ ప్రకారం. బయటి నుంచి తెచ్చుకున్న టెంప్లేటులో అది అమెరికా పసిఫిక్ టైమ్ అయి ఉంటే, వేసవిలో మనకి మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక గానీ షీట్‌లో తేదీ మారదు. పొద్దున్న అంతా నిన్నటి తేదీనే ఇవాళ అని చూపిస్తుంది. కోల్‌కతా టైమ్ పెట్టండి.

పవర్ బీఐలో ఇది ఇంకాస్త మెలిక. మీ కంప్యూటర్‌లో తయారుచేసేటప్పుడు టుడే మన టైమ్ ప్రకారమే ఉంటుంది. రిపోర్టుని ఆన్‌లైన్‌లో పబ్లిష్ చేశాక అది యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది. అంటే మనకి అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదున్నర దాకా అక్కడ ఇంకా నిన్నే. వేరే వ్యాపారాల్లో ఆ వేళలో డాష్‌బోర్డు ఎవరూ చూడరు, అది పట్టుబడదు. రొయ్యల రైతు చూసేది సరిగ్గా ఆ వేళలోనే. రాత్రంతా నాచూ రొయ్యలూ మడ్డీ ఆక్సిజన్ లాగేస్తే, డీవో అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారే ముందు. నాలుగింటికి రీడింగు ఎక్కించి ఫోన్ చూస్తే, ఇవాళ్టి చుక్క డాష్‌బోర్డు లెక్కలో రేపటిది, ముదురు గీత మూడు రోజులకి బదులు నాలుగు రోజులది అయిపోతుంది. టుడేకి బదులు యూటీసీనౌ తీసుకుని అయిదున్నర గంటలు కలిపి, దాంట్లోంచి తేదీ మాత్రం తీసుకునే మెజర్ రాస్తే ఈ ఇబ్బంది ఉండదు. దాన్ని కాలిక్యులేటెడ్ కాలమ్‌గా రాయకండి. కాలమ్ డేటా రిఫ్రెష్ అయినప్పుడే లెక్కకొస్తుంది, మెజర్ మాత్రం చూసిన ప్రతిసారీ లెక్కకొస్తుంది. ఇవాళ్టితో సంబంధం ఉన్నదేదైనా మెజర్‌లోనే ఉండాలి. సీడ్ వేసి ఎన్నో రోజు అన్నది ఇవాళ్టితో మారదు కాబట్టి దాన్ని నిశ్చింతగా కాలమ్‌గా పెట్టుకోవచ్చు.

ఎక్సెల్‌లో, పవర్ బీఐలో మారేవి

ఎక్సెల్‌లో ఇదే పద్ధతి, కానీ ఖాళీ దగ్గర జాగ్రత్త. ఇఫ్‌లో మూడో భాగం ఖాళీగా వదిలితే షీట్స్‌లో నిజంగానే ఖాళీ వస్తుంది, ఎక్సెల్‌లో సున్నా వస్తుంది. రెండు కోట్ గుర్తులు పెట్టినా లైన్ చార్టు దాన్ని సున్నాగానే గీస్తుంది. డీవో సున్నా అంటే చెరువులో ప్రాణమున్నది ఏదీ మిగల్లేదని. అలాంటి గీత రైతు కంటపడితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. అందుకని మూడో భాగంలో ఎన్ఏ() పెట్టాలి. రీడింగు తీయని రోజు బీ సెల్ ఖాళీగా ఉంటే అది కూడా సున్నాగా రాకుండా, $బీ5 ఖాళీ కాదు అన్న షరతుని కూడా యాండ్‌తో కలపండి.

పాత ఎక్సెల్ వెర్షన్లు ఎన్ఏ ఉన్న చోట ఖాళీ వదలవు, అటూ ఇటూ ఉన్న చుక్కల్ని నేరుగా కలిపేస్తాయి. దశలకి దీంతో ఇబ్బంది లేదు, ఒక దశ ఒక్కసారే వస్తుంది. ముసురు జూన్‌లో ఒకసారి, జులైలో ఒకసారి వచ్చిందంటే మాత్రం రెండిటి మధ్యా పొడవాటి తప్పుడు గీత పడుతుంది. మైక్రోసాఫ్ట్ 365లో సెలెక్ట్ డేటా లోపల, దాచిన సెల్స్, ఖాళీ సెల్స్ సెట్టింగుల్లో ఎన్ఏని ఖాళీ సెల్‌గా చూపించే టిక్కు ఉంది, అది ఉండేలా చూసుకోండి. పాత వెర్షన్ అయితే ప్రతి ముసురుకీ వేరే కాలమ్ పెట్టి, అన్నిటికీ ఒకే రంగు ఇవ్వడం తప్ప దారి లేదు. ఇంకో మాట, ఎక్సెల్ తేదీ అక్షం గంటల్ని చూడదు. ఉదయం, సాయంత్రం రీడింగులు రెండూ ఒకే నిలువు గీత మీద పడతాయి. గంటలు కూడా కావాలంటే గీతలతో ఉన్న స్కాటర్ చార్టు వాడాలి.

పవర్ బీఐలో దశ కాలమ్‌ని లెజెండ్‌లో పడేస్తే రంగులు వెంటనే వస్తాయి, పైన చెప్పిన తెగుడు కూడా వెంటనే వస్తుంది. దశకో మెజర్ రాయడం మేలు: మొదటిది 1 నుంచి 31వ రోజు వరకు, రెండోది 31 నుంచి 61 వరకు, మూడోది 61 నుంచి. సరిహద్దు రోజుని రెండిట్లోనూ ఉంచడమే అతుకు. 31వ రోజు రీడింగు తీయకపోతే మాత్రం అక్కడ తెగే ఉంటుంది. షీట్స్ ఫార్ములా పై వరుసని చూస్తుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు. మెజర్‌లో యావరేజ్ పెట్టకండి, మినిమం పెట్టండి. ఎవరైనా చార్టుని వారాల వారీగా మార్చి చూస్తే, ఆరు రోజులు 5 ఉండి ఒక్క రోజు 2.5కి పడిన వారం సగటులో హాయిగా 4.6గా కనిపిస్తుంది. చెరువుని దెబ్బతీసేది ఆ ఒక్క రోజే.

కోడ్ రాసేవాళ్లకి

సొంతంగా వెబ్ డాష్‌బోర్డు కట్టేవాళ్లు డేటాని ముక్కలు చేయనక్కర్లేదు. ఛార్ట్.జెఎస్‌లో డేటాసెట్‌కి సెగ్మెంట్ అనే ఆప్షన్ ఉంది. అందులో బోర్డర్‌కలర్‌కి ఒక ఫంక్షన్ ఇస్తే, ప్రతి చిన్న ముక్కకీ దాని మొదటి చుక్క, రెండో చుక్క రెండూ చేతికొస్తాయి. మొదటి చుక్క తేదీని బట్టి రంగు తిరిగి ఇస్తే అతుకు పాత రంగులో, రెండో చుక్కని బట్టి ఇస్తే కొత్త రంగులో వస్తుంది. హైఛార్ట్స్‌లో జోన్స్ వాడి, జోన్ యాక్సిస్‌ని ఎక్స్‌గా పెట్టాలి. అక్కడ ప్రతి జోన్‌కీ ఇచ్చే విలువ ఆ జోన్ ముగిసే తేదీ, మొదలయ్యేది కాదు. చివరి జోన్‌కి విలువ ఇవ్వకూడదు.

జావాస్క్రిప్టులో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, అంకెలతో తేదీ కడితే ఫిబ్రవరి అంటే 1. తేదీని ‘2025-02-10’ అని ఉత్త స్ట్రింగుగా ఇస్తే అది యూటీసీ అర్ధరాత్రిగా, అంటే మనకి ఉదయం అయిదున్నరగా చదవబడుతుంది. నాలుగింటి రీడింగు ముందు రోజు దశలో పడేది ఇందుకే.

అప్పగించే ముందు

రైతు చేతికి ఇచ్చే ముందు సీడ్ వేసిన తేదీని పది రోజులు వెనక్కి మార్చి చూడండి. రంగు మారే చోట్లన్నీ కలిసి పది రోజులు వెనక్కి జరగాలి, గీత ఎక్కడా తెగకూడదు. ఏదైనా ఒక రంగు కదలకుండా నిలబడితే, అది చేత్తో వేసిన రంగు అన్నమాట.

పంట పట్టుబడి అయిపోయి అదే చెరువులో మళ్లీ సీడ్ వేసినప్పుడు, ‘చెరువులు’ షీట్‌లో పాత తేదీని చెరిపి కొత్తది రాయకండి. అలా రాస్తే పాత పంట రీడింగులకి సీడ్ వేయకముందు రోజులు లెక్కకొచ్చి, వీలుకప్‌కి దశ దొరకక, పోయిన పంట చార్టంతా ఎర్రర్లతో నిండిపోతుంది. కింద కొత్త వరుస వేసి ‘3వ చెరువు, 2025 రెండో పంట’ అని పేరు పెట్టి, రీడింగుల డ్రాప్‌డౌన్‌లో కూడా ఆ పేరే చేర్చండి. రెండు పంటల గీతలూ వాటి వాటి రంగులతో అలాగే ఉంటాయి. అడ్డ అక్షం మీద తేదీకి బదులు సీ కాలమ్‌లోని రోజు అంకె పెట్టి ఆ రెండిటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, రెండో పంటలో డీవో ఎన్నో రోజు నుంచి మొదటిదానికంటే కిందకి జారిందో మీ బాబాయో, మీ నాన్నో తమ కళ్లతో తామే చూసుకుని, ఆ సాయంత్రమే మేత తగ్గించాలా వద్దా అన్నది తేల్చుకుంటారు.